ఆదివారం సినిమా: మేట్‌వన్

అందరికీ నమస్తే. ఈ ఆదివారం జాన్ సేల్స్ తీసిన ‘మేట్‌వన్’ (1987) చూద్దాం.

పెద్ద స్టూడియోల చెప్పుచేతల్లో ఉండకుండా సినిమాలు తీసిన మనిషి సేల్స్. ఇతరులకు ‘పిరాన్హా’ లాంటి భయపెట్టే సినిమాల స్క్రిప్టులు రాసి, ఆ డబ్బుతో తనకు నచ్చినవి తీసుకున్నాడు. ఎడిటింగ్ కూడా చాలావరకు తనదే.

ఇది 1920లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో, మేట్‌వన్ అనే ఊళ్లో జరిగిన బొగ్గు గని కార్మికుల సమ్మె కథ. సమ్మె విరగ్గొట్టడానికి కంపెనీ నల్లజాతి వాళ్లను, ఇటలీ వలస కూలీలను దింపుతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు రైలు ఖర్చు, పనిముట్ల ఖర్చు జీతంలో కోస్తామని చెప్పే సీన్ గమనించండి. పని మొదలుపెట్టకముందే అప్పు! జీతం కూడా కంపెనీ దుకాణంలో మాత్రమే చెల్లే చీటీల్లో. ఆ ఏడాది మే 19న ఆ ఊళ్లో నిజంగానే కాల్పులు జరిగి పదిమంది చనిపోయారు.

నటుడు క్రిస్ కూపర్‌కి ఇదే మొదటి సినిమా. హాస్కెల్ వెక్స్‌లర్ కెమెరా పనికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. గని లోపలి చీకటి చూస్తే ఎందుకో తెలుస్తుంది.

నడక కాస్త నిదానం, ముందే చెప్తున్నా. మొదటి అరగంట ఫోన్లు పక్కన పెట్టండి, ప్లీజ్. వచ్చేవాళ్లు శనివారం రాత్రిలోగా ఇక్కడే చెప్పండి, కుర్చీలు చూసుకోవాలి.