రెండున్నర గంటల్లో ఒక కథ

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పేయొచ్చు, కానీ రెండు ముక్కల్లో తేలే సంగతి కాదది. "ఆఫీసులో మన తెలుగువాళ్లే నలుగురు ఆడతామంటున్నారు, శనివారం ఏడింటి నుంచి తొమ్మిదిన్నర దాకే కుదురుతుంది, మళ్లీ ఎప్పుడు కలుస్తామో తెలీదు, ఏం ఆడించమంటావు?" అన్నావు. అదే రా, మన డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్) లాంటి ఆట: ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు తలా ఒక పాత్రై ఏం చేస్తారో చెప్పడం, అది ఫలించిందో లేదో డైస్ వేసి తేల్చుకోవడం. రెండేళ్లుగా నేనిక్కడ కుస్తీ పడుతున్నది సరిగ్గా దీంతోనే. అందుకే ఈ ఆదివారం సాయంత్రం మేడెక్కి కూర్చుని తీరిగ్గా రాస్తున్నా. ఎండ దిగిపోయింది. కొండ మీద అమ్మవారి గుడి లైట్లు ఇప్పుడే వెలిగాయి. కింద నుంచి అమ్మ టీకి రెండోసారి పిలుస్తోంది.

ముందు మన పాత ఆట గురించి చెప్పాలి. ఆపేద్దాం అని ఎవరూ అనలేదు రా. ఏడు సెషన్లు ఆడాం. ఎనిమిదోదానికి ఒకడికి నైట్ డ్యూటీ పడింది, ఇంకొకడికి పాప పుట్టింది, నువ్వు బెంగళూరు బండెక్కావు. ఈ వారం కాదు వచ్చే వారం అనుకుంటూనే ఏడాది గడిచిపోయింది. నీ పాత్ర, ఆ విలుకాడు, ఇప్పటికీ ఆ గుహ మూడో మెట్టు మీద కాగడా పట్టుకుని నిలబడే ఉన్నాడు. లోపల ఏముందో నాకొక్కడికే తెలుసు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. మొదటి సెషన్‌లో మూడు గంటలు సత్రంలోనే కూర్చోబెట్టాను మిమ్మల్ని, గుర్తుందా? ఒకరినొకరు పరిచయం చేసుకోవడానికే సరిపోయింది. నెలల తరబడి తీరిక ఉన్నవాళ్ల కోసం అల్లే కథని మనలాంటివాళ్లం ఎత్తుకున్నాం.

కాబట్టి నీకు మొట్టమొదట చెప్పేది ఇదే. కూర్చున్న రాత్రే కథ ముగియాలి. ఏది కోయాల్సి వచ్చినా మొదట్లో కోసెయ్, ముగింపు జోలికి మాత్రం వెళ్లకు.

లెక్క వేసుకో. నీ దగ్గరున్నవి 150 నిమిషాలు. అందరూ వచ్చి, చెప్పులు విప్పి, ట్రాఫిక్ గురించి చెప్పుకుని కూర్చునేసరికి 15 పోతాయి. రూల్స్ చెప్పడానికి 10, మధ్యలో టీకి ఇంకో 10. డీ అండ్ డీలో ఐదుగురున్న టేబుల్ దగ్గర ఒక మోస్తరు ఫైట్ 40 నిమిషాల్లోపు తేలడం నేను చూడలేదు. కొత్తవాళ్లుంటే గంట. అంటే నీకు ఒక్క ఫైట్‌కే చోటుంది. రెండోది పెట్టావంటే ముగింపుకి టైమ్ మిగలదు.

ఇది నాకు ఊరికే తెలియలేదు. నేను ఆడించిన మొదటి వన్ షాట్‌లో, అంటే ఒక్క రాత్రిలోనే ముగించాల్సిన ఆటలో, కథ ఊళ్లోకి అడుగుపెట్టడంతో మొదలైంది. ఊళ్లో అంగడి కనపడగానే అందరూ తాళ్లూ కత్తులూ బేరమాడుతూ 40 నిమిషాలు గడిపేశారు. తర్వాత ఒక గుడి, దానికి రాతి తలుపు, తలుపు మీద పొడుపు కథ. విప్పితేగానీ లోపలికి వెళ్లలేరు. 35 నిమిషాలు ఎవరికీ తట్టలేదు. నేనేమో జవాబు చెప్పకుండా బిగించుకుని కూర్చున్నా. తొమ్మిదిన్నరకి పాప ఏడుస్తోందని ఒకాయన లేచాడు. గుడి లోపలికి ఎవ్వరూ అడుగే పెట్టలేదు. ఆ రాత్రి స్కూటర్ మీద ఇంటికొస్తూ ఒట్టు పెట్టుకున్నా, ఒకే దారున్న తలుపు ఇంకెప్పుడూ పెట్టనని. పజిల్ పెట్టు, పెట్టొద్దనను. కానీ దాన్ని తెలివితో విప్పొచ్చు, బలంతో పగలగొట్టొచ్చు, కాస్త దెబ్బ తిని పక్కదారిన దూరొచ్చు అన్నట్టు ఉండాలి. కథ ముందుకు కదలడానికి కావాల్సిన క్లూ అయితే డైస్ వేయించకుండానే చేతిలో పెట్టెయ్.

ఇప్పుడు బాగా కుదిరినదాని గురించి చెబుతా, నీకు ఇదే ఎక్కువ పనికొస్తుంది.

2024 సెప్టెంబరు వరదలు నీకు గుర్తుండే ఉంటాయి. ఇక్కడ విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు గేట్ల దగ్గర ఇరుక్కుపోతే వాటిని తీయడానికి రోజుల తరబడి తంటాలు పడ్డారు. ఊరు పడ్డ బాధని ఆట చేయడం నాకు ఇష్టం లేదు, మునిగిన కాలనీల జోలికి వెళ్లలేదు. కానీ గేటుకి అడ్డంగా ఇరుక్కున్న ఆ పడవ బొమ్మ మాత్రం కళ్లలోంచి పోలేదు. దాన్నే పట్టుకుని ఏదో కాలంలో, ఏదో నది మీద, పాతకాలం ఆనకట్ట ఒకటి కట్టుకున్నా. మన బ్యారేజీకి 70 గేట్లుంటే నా ఆనకట్టకి మూడే. అంతకన్నా ఎక్కువ పెడితే ఏ గేటుకి వెళ్దామా అని వాదించుకుంటూనే అరగంట పోతుంది.

మొదటి వాక్యమే ఇలా చెప్పా: "వాన కుండపోతగా పడుతోంది, మీరు నలుగురూ తాడు పట్టుకుని ఆనకట్ట మీద ఉన్నారు, కింద ఇరుక్కున్న పడవలోంచి ఎవరో లోపల్నుంచి చెక్కని కొడుతున్న చప్పుడు." అంతే. ఎలా కలిశారు, ఎవరు పంపారు, ఏమీ లేదు. అవన్నీ తర్వాత ఆటలో వాళ్లే చెప్పుకున్నారు, నేను రాసినదానికన్నా బాగా.

టేబుల్ మధ్యలో ఒక గాజు గ్లాసు పెట్టా. పైనుంచి రెండు వేళ్లు కిందికి రబ్బరు బ్యాండు చుట్టా. పక్కన చెంబులో నీళ్లు, ఒక గరిటె. డైస్ తప్పినప్పుడల్లా ఒక గరిటె, పదిహేను నిమిషాలు గడిస్తే ఒక గరిటె. నీళ్లు బ్యాండుని తాకితే పడవ మునుగుతుంది. బావా, ఆ గ్లాసు చేసినంత పని నేను రాసుకున్న పది పేజీలు కూడా ఎప్పుడూ చేయలేదు! ఎవరికీ "త్వరగా కానివ్వండి" అని చెప్పాల్సిన పనే పడలేదు. నేను గరిటె పట్టుకుంటే చాలు, మాటలు ఆగిపోయేవి. సెల్‌ఫోన్ ఎవరూ ముట్టుకోలేదు.

ముడి ఏంటంటే, పడవలో ఉన్నది ఊరందరికీ అప్పులిచ్చిన వడ్డీ వ్యాపారి. అతని ట్రంకు పెట్టెలో ఊరి పొలాల తనఖా కాగితాలన్నీ ఉన్నాయి. గట్టు మీద నిలబడ్డ ఊరివాళ్లు పడవ మునిగితే బాగుండునని చూస్తున్నారు, గేటు తిప్పే లస్కరుతో సహా. ఆ లస్కరు సాయం లేనిదే గేటు లేవదు. అతనితో మాట్లాడటం ఒక ఘట్టం. పడవ చుట్టూ తిరుగుతున్న మొసలి ఒక ఫైట్. ఆపైన కాపాడేది మనిషినా, పెట్టెనా అన్నది చివరి ఘట్టం. మొత్తం మూడే, చూశావుగా.

బ్యాంకులో చేసే అన్నయ్య లస్కరు కాళ్ల మీద పడతాడని నేను కలలో కూడా అనుకోలేదు. ఫైట్ సాగుతోంటే మొసలి హిట్ పాయింట్లు, అంటే అది ఎంత దెబ్బ తట్టుకోగలదో ఆ లెక్క, నేనే సగానికి తగ్గించేశా, ఎవరికీ చెప్పలేదు, నువ్వూ మొహమాటపడకు. చివరికి గ్లాసులో ఇంకొక్క గరిటెకే చోటుంది. ఆసుపత్రిలో నర్సుగా చేసే అక్క, అంతదాకా పెద్దగా మాట్లాడని మనిషి, "నేను దూకి మనిషిని తీస్తా. పెట్టెని తాడుకి కట్టాలనుకునేవాళ్లు కట్టుకోండి, నేను వెనక్కి చూడను" అంది. డైస్ వేసింది. ఇరవై ముఖాల డైస్ మీద పదిహేడు పడింది. ఆ తర్వాత కాసేపు ఎవరూ ఏం మాట్లాడలేదు. పెట్టె మునగనిచ్చారు. తొమ్మిదీ ఇరవైకి అయిపోయింది. చివరి పది నిమిషాలూ ఒక్కొక్కరు తమ పాత్ర మర్నాడు పొద్దున ఏం చేస్తోందో ఒక్క వాక్యంలో చెప్పారు. అది మాత్రం ఎప్పుడూ వదలకు.

పాత్రల సంగతి చెప్పడం మరిచా. పాత్ర వివరాలు రాసుకునే క్యారెక్టర్ షీట్లు అక్కడ కూర్చుని నింపించొద్దు, గంట పోతుంది. అరకాగితం మీద నువ్వే రాసి తీసుకెళ్లు. పేరు, బాగా వచ్చిన పనులు రెండు, ఈ రాత్రి కావాల్సింది ఒకటి, ఎడమ పక్కన కూర్చున్నవాళ్లతో ఉన్న లెక్క ఒకటి. "ఇతను నీకు తమ్ముడి వరస, కానీ రెండేళ్లుగా మాటల్లేవు" అని రాస్తే చాలు, సత్రం అక్కర్లేదు. తెలుగులోనే రాయి రా. మా వాళ్లు ఇంగ్లిష్ షీట్ చూసినప్పుడు "అటాక్ చేస్తా" అని ఊరుకునేవాళ్లు. తెలుగులో రాసిచ్చాక "పడవ అంచు పట్టుకుని వేలాడి కాలితో దాని మూతి మీద తంతా" అంటున్నారు. బొమ్మలకైతే మా ఇంట్లో ఉన్న కొండపల్లి బొమ్మలే వాడేశా. తాడిచెట్టెక్కే మనిషిని అన్నయ్య తీసుకున్నాడు, అంబారీ ఏనుగే మొసలి. పిల్లలు ముట్టుకోకుండా అద్దాల బీరువాలో ఇన్నాళ్లూ ఉన్న బొమ్మలు.

ఇలా ఒక్క రాత్రికి కుదించితే అసలు ఆట కాదేమో అని నువ్వు సందేహపడ్డట్టు అనిపించింది. అలా అనుకోకు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి డీ అండ్ డీని తెచ్చింది 1974లో. ఆ మరుసటి ఏడే, 1975లో, అమెరికాలో ఆరిజిన్స్ అనే ఆటల సభలో దాన్ని టోర్నమెంటుగా ఆడించారు. కొత్తగా కలిసినవాళ్లు గడియారం చూసుకుంటూ ఆడి అక్కడే ముగించుకుని వెళ్లారు. ఆట పుట్టిన ఏడాదికే ఉన్న పద్ధతి ఇది. ఇంకో విషయం, జాన్ ఫోర్ అనే గేమ్ మాస్టర్ (మనలా ఆట నడిపించేవాడు) "ఐదు గదులు" అనే పద్ధతి ఒకటి ఇచ్చాడు. గుమ్మం దగ్గర కాపలా, తర్వాత పజిల్ గానీ మాటలు గానీ, ఆపైన ఎదురుదెబ్బ, పెద్ద పోరు, చివరికి దక్కేది లేదా బయటపడే రహస్యం. నాలుగు గంటలుంటే బ్రహ్మాండంగా సరిపోతుంది. నీ రెండున్నరకి కాపలానీ ఎదురుదెబ్బనీ ఒకే గదిలో కలిపెయ్.

మీవాళ్లలో ఈ ఆట పేరే విననివాళ్లుంటే మొదటిసారికి డీ అండ్ డీ కూడా వద్దు. జాన్ హార్పర్ 2013లో చేసిన లేజర్స్ అండ్ ఫీలింగ్స్ ఉంది, రూల్స్ అన్నీ కలిపి ఒకే పేజీ. ప్రతివాళ్లూ 2 నుంచి 5 లోపు ఒక అంకె ఎంచుకుంటారు. బుర్రతో, యంత్రాలతో చేసే పనికి డైస్ ఆ అంకెకన్నా తక్కువ పడాలి. మనసుతో, మాటతో చేసే పనికి ఎక్కువ పడాలి. ఒకదానిలో గట్టివాడివైతే రెండోదానిలో మెత్తబడతావు, అంతే కథ. అది అంతరిక్ష నౌక కథ, కానీ నేను దాన్ని మిర్చి యార్డుకి మార్చా. గుంటూరు వాడివి, నీకు చెప్పాలా? అర్ధరాత్రి యార్డులో వేల టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య ఒక్క టిక్కీలో మిర్చి కాకుండా ఇంకేదో ఉంది, తెల్లారి వేలం మొదలయ్యేలోపు దాన్ని కనిపెట్టాలి. ఘాటుకి దగ్గు ఆపుకోవడానికే డైస్ వేయాల్సి వస్తుంది, దగ్గితే కాపలావాడు వింటాడు. లూడో డబ్బాలో ఉన్న డైస్ సరిపోతాయి. నా కాగితాలన్నీ ఫొటో తీసి రాత్రికి పంపుతా, శనివారం అదే ఆడించు.

ఉండవల్లి గుహల మీద కూడా ఒకటి రాస్తున్నా. లోపల పడుకున్న ఆ పెద్ద అనంతపద్మనాభుడు ఉన్నాడే, కాపలావాడు పొద్దున్నే వచ్చి చూసేసరికి స్వామి అటు తిరిగి పడుకుని ఉంటాడు. ఎందుకు తిరిగాడన్నదే ఇంకా తేల్చుకోలేకపోతున్నా. నీకేమైనా తడితే రాయి.

అసలు సంగతి చివరికి దాచా. నీ విలుకాడి గుహని మళ్లీ తీశా. మిగిలిన ఇరవై పేజీల కథ పక్కన పడేసి, మూడో మెట్టు నుంచి లోపలున్నదాని దాకా రెండున్నర గంటల్లో పట్టేలా మొత్తం తిరగరాశా. నైట్ డ్యూటీ వాడు సెలవు పెడతానన్నాడు. పాపని వాళ్ల అమ్మమ్మ చూసుకుంటుందట. దసరాకి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ చేసుకో. పాత షీటు పారేసి ఉంటే ఫర్వాలేదు, నీ బాణాలు పదకొండు మిగిలాయని నా నోట్‌బుక్‌లో ఉంది. నీ నీలం రంగు డైస్ మాత్రం తెచ్చుకో.

అమ్మ మూడోసారి పిలుస్తోంది. శనివారం ఆట అవగానే, ఎంత రాత్రైనా సరే, ఫోన్ చెయ్యి.

నీ బావ