ఈ బొమ్మల్లో ఇళ్లు వంకరగానే ఉంటాయి

బరంపురంలో మా డ్రాయింగ్ క్లాసుకు పిల్లల్ని పంపుతున్న అమ్మానాన్నలందరికీ నమస్కారం. ఈ నెల మొదలుపెట్టిన 'రంగుల ఊరు' పాఠం గురించి చాలామంది ఫోన్ చేశారు. ఇళ్లన్నీ అలా ఒరిగిపోయి ఉన్నాయేంటండీ, స్కేలు ముట్టుకోనివ్వడం లేదట, ఇంటికి పంపేముందు మీరే కాస్త సరిచేయొచ్చు కదా అని. సరిచేయనండీ. ఎందుకో చెబుతాను.

ఈ పాఠానికి ఆధారం హుండర్ట్‌వాసర్ అనే ఆస్ట్రియా చిత్రకారుడు. 1928లో వియన్నాలో పుట్టాడు, 2000లో పోయాడు. స్కేలు పెట్టి గీసిన గీతంటే ఆయనకు అస్సలు పడదు. ఆ పట్టుదల కాగితం మీదే ఆగిపోలేదు, వియన్నాలో ఆయన ఆలోచనతో కట్టిన అపార్ట్‌మెంటు 1985లో పూర్తయింది, 50కి పైగా ఇళ్లున్న ఆ భవనంలో బయటి గోడల మీద ఒక్కో ఇంటికి ఒక్కో రంగు, కిటికీలు రకరకాలు, నేల కూడా కొన్నిచోట్ల ఎగుడుదిగుడే, మేడ మీద మట్టి పోసి చెట్లు పెంచారు. అద్దెకున్నవాళ్లకైనా సరే, కిటికీలోంచి చెయ్యి చాపితే అందినంత గోడకు నచ్చిన రంగు వేసుకునే హక్కు ఉండాలనేవాడు. ఈ మాట చెప్పాక పిల్లలు కిటికీలు గీయడం ఆపితే ఒట్టు!

అయితే వాళ్లు గీస్తున్నది వియన్నా కాదు, మన ఊరే. బడాబజారు సందులు, కరెంటు తీగలు, మేడ మీద ఎండబెట్టిన అప్పడాలు, వాటిలో ఒక్కోదానికి ఒక్కో రంగు. మగ్గం ఉన్న ఇంటి పిల్లాడొకడు ఇళ్లపైన పట్టుచీర అంచులో ఉండే, గుడి శిఖరాల్లాంటి కుంభాల వరస వేశాడు. అది నేను చెప్పింది కాదు. దాని మీద నా గీత ఒక్కటి పడినా, మర్నాటి నుంచి "టీచర్, మీరే వేసివ్వండి" అంటాడు, ఆ మాట పిల్లల నోట వినడం నాకిష్టం లేదు.

బొమ్మ సగంలోనే ఎందుకు ఆగిందని కూడా అడిగారు. ముందు ఆయిల్ పాస్టెల్‌తో గట్టిగా రుద్ది, దానిపైన వాటర్ కలర్ పూస్తాం. పాస్టెల్‌లోని మైనం నీటిని పట్టనివ్వదు కాబట్టి కింది రంగు అలాగే మెరుస్తుంది. ఈ వానల్లో అది త్వరగా ఆరదు, అందుకే మిగతాది తర్వాతి క్లాసులో. పల్చటి డ్రాయింగ్ బుక్ కాగితం తడికి ఉబ్బిపోతోంది, మందం కాగితం మేమే తెప్పిస్తున్నాం, వచ్చే నెల నుంచి ఫీజుతో పాటు దానికి 100 రూపాయలు అదనంగా తీసుకోక తప్పడం లేదు.

ఈ పద్ధతి నచ్చక కొందరు పిల్లల్ని మాన్పించారు. ఆ ఫీజులు నాకు అవసరమే, అద్దె కట్టాలి, అయినా పద్ధతి మార్చను. స్కేలు, పర్‌స్పెక్టివ్ (దూరంగా ఉన్నవి చిన్నగా కనిపించేలా గీయడం) కావాలంటే ఏడో తరగతి దాటినవాళ్లకు ఆదివారం బ్యాచ్‌లో శ్రద్ధగా నేర్పుతాను. చిన్నవాళ్లకు ఇప్పుడే వద్దు.

హుండర్ట్‌వాసర్ న్యూజిలాండ్‌లోని కవాకవా ఊళ్లో కట్టించిన పబ్లిక్ టాయిలెట్ల గోడల్లో వాడేసిన సీసాలు పెట్టారు, 1999లో. వచ్చే పాఠం దాని మీదే. శనివారంలోగా ఇంట్లో ఉన్న రంగుల ప్లాస్టిక్ మూతలు కడిగి పంపండి, గాజు మాత్రం వద్దు.