కలెక్టర్ గారూ, కస్తూర్బా ఎవరో మా పిల్లలకు చెప్పించండి

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

అమ్మానాన్నలు పనులకు వలసపోతే చదువు ఆగిపోయే ఆడపిల్లలకు మన జిల్లాలో అక్కడే ఉండి చదువుకునే సర్కారు కస్తూర్బా బడే దిక్కు. ఆ కస్తూర్బా ఎవరంటే ‘గాంధీగారి భార్య’ అని ఊరుకుంటాం. అంతేనా అండీ ఆవిడ?

1913లో దక్షిణాఫ్రికాలో మన పెళ్లిళ్లు చెల్లవని కోర్టు తీర్పిస్తే, సత్యాగ్రహంలో దిగి మూడు నెలలు కఠిన కారాగార శిక్ష అనుభవించారు. 1917లో బిహార్‌లోని చంపారన్ పల్లెల్లో ఆడవాళ్లకు శుభ్రత గురించి చెబుతూ తిరిగారు. బట్టలు ఉతుక్కోరేమని అడిగితే, ఒకామె తన గుడిసెలోకి తీసుకెళ్లి చూపించింది. పెట్టె లేదు, బీరువా లేదు. ఒంటిమీదున్న చీర ఒక్కటే. ‘ఇది ఉతికితే ఏం కట్టుకోను?’ అన్నది ఆమె బాధ. కస్తూర్బా జీవితంలో నా మనసుకు అన్నిటికన్నా పెద్ద ఘట్టం ఇదే.

1944 ఫిబ్రవరి 22న పుణెలో, ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలోనే ఆవిడ కన్నుమూశారు. ఆవిడ పేరిట పోగైన నిధితో పల్లె స్త్రీలకు, పిల్లలకు సేవ చేసే ట్రస్టు వెలిసింది.

వచ్చే ఫిబ్రవరి 22న దండలు, ఉపన్యాసాలతో సరిపెట్టకండి. ఆ చీర సంగతి ప్రతి కస్తూర్బా బడిలోనూ పిల్లల చేతే చెప్పించండి. వాళ్ల ఇళ్ల సంగతులూ చెప్పనివ్వండి. వినడానికి మీరూ ఒక బడికి రండి.

ఇట్లు,
ఆమదాలవలస నుంచి ఒక విద్యార్థిని తండ్రి