కార్యదర్శి వార్షిక నివేదిక: మన బృందగానం, రాబర్ట్ షా, రెండు డబ్బాల పెన్సిళ్ళు

సభ్య మిత్రులందరికీ నమస్కారం.

అమెరికాలో అట్లాంటా దగ్గరి కమ్మింగ్, ఆల్ఫరెటా చుట్టుపక్కల తెలుగువాళ్ళం నడుపుకుంటున్న మన చిన్న సంఘం కిందటి ఉగాది నుంచి ఈ ఉగాది దాకా ఏం చేసిందో చెప్పడం నా బాధ్యత. పండగల సంగతి మీకు తెలిసిందే కాబట్టి త్వరగా ముగిస్తాను. వినాయక చవితికి పిల్లలతో మట్టి బొమ్మలు చేయించాం. బతుకమ్మకు తంగేడు దొరక్క ఇక్కడి పూలతోనే సరిపెట్టుకున్నాం. వనభోజనాల రోజు వాన పట్టుకోవడంతో పులిహోర కార్లలో కూర్చుని తిన్నాం. సంక్రాంతి ముగ్గులకు ఎప్పటిలాగే గొడవ జరిగింది, ఎప్పటిలాగే సర్దుకుంది.

ఈ ఏడు కొత్తగా చేసింది ఒక్కటే, బృందగానం. అందుకే ఈ నివేదికలో ఎక్కువ భాగం దానికే.

కిందటి ఉగాదికి వేదిక మీద ప్రార్థన ఎలా పాడామో మీకు గుర్తుండే ఉంటుంది. పదిమంది ఎక్కాం, పది శ్రుతులు వినిపించాయి. ఒకరు పల్లవి దగ్గర సంగతి వేస్తూ ఉండగానే పక్కవారు చరణంలోకి వెళ్ళిపోయారు. తప్పు మైకు వాళ్ళదని ఆ రోజు అందరం అన్నాం. వీడియో చూశాక ఆ మాట ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. మనలో పాడేవాళ్ళకు కొదవ లేదు. నాలుగిళ్ళకు ఒక సంగీతం టీచరు ఉన్నారు. అయితే మనం నేర్చుకునేదంతా ఒక్కరమే కూర్చుని పాడే పాట. పక్కవాడి గొంతు వింటూ మన గొంతు తగ్గించుకోవడం మనకెవరూ నేర్పలేదు.

అదే నేర్పడంలో ఆరితేరిన మనిషి మన ఊళ్ళోనే ఇరవై ఏళ్ళు పని చేశాడని మనలో చాలామందికి తెలియదు. ఆయన రాబర్ట్ షా. అట్లాంటా సింఫనీ అనే పెద్ద వాద్య బృందానికి 1967 నుంచి 1988 దాకా సంగీత దర్శకుడు. ఆగస్టులో ఆయన మీద ఒక సాయంత్రం పెట్టుకున్నాం. గొప్ప కండక్టర్, అంటే వాద్య బృందాన్నీ పాటల బృందాన్నీ ముందు నిలబడి నడిపించేవాడు, అని ప్రకటించేసరికి మన పెద్దల్లో ఒకాయన "ఏ డిపో?" అని అడిగారు. అలా నవ్వుతూ మొదలైంది సభ.

షా 1916లో కాలిఫోర్నియాలోని రెడ్ బ్లఫ్‌లో ఒక పాస్టరు గారింట పుట్టాడు. తానూ ఆ దారినే పోదామనుకుని పమోనా కాలేజీలో చేరాడు. సంగీతంలో చెప్పుకోదగ్గ చదువేమీ లేదు. కాలేజీ పాటల బృందాన్ని నడిపిస్తుండగా, అప్పట్లో రేడియోలో మారుమోగుతున్న బ్యాండు నాయకుడు ఫ్రెడ్ వేరింగ్ కంట పడ్డాడు. ఆయన పిలిస్తే న్యూయార్క్ వెళ్ళాడు. 1941లో అక్కడ కాలేజియేట్ కొరాల్ అనే పాటల బృందం మొదలుపెట్టాడు. నల్లవాళ్ళనూ తెల్లవాళ్ళనూ ఒకే వరసలో నిలబెట్టడం ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు. షా మాత్రం నిలబెట్టాడు. తర్వాత 1948లో తన పేరుతోనే రాబర్ట్ షా కొరాల్ పెట్టాడు. పేరుమోసిన ఇటాలియన్ కండక్టర్ టోస్కానినీ రేడియోలో వెర్డీ ఒపేరాలు, అంటే పాటలతో నడిచే నాటకాలు, వినిపించినప్పుడు వెనక పాడిన కోరస్ వీళ్ళదే. 1962లో ఈ బృందం సోవియట్ యూనియన్ అంతా తిరిగి బాఖ్ పాటలు పాడి వచ్చింది. మధ్యలో క్లీవ్‌లాండ్ వాద్య బృందంలో కండక్టర్ జార్జ్ సెల్ దగ్గర పదకొండేళ్ళు సహాయకుడిగా పని నేర్చుకున్నాడు. అప్పటికే దేశమంతా పేరున్న మనిషి మళ్ళీ ఒకరి కింద కుదురుకోవడం నాకు వింతగానూ ముచ్చటగానూ అనిపించింది.

ఆయన అట్లాంటాకు వచ్చేనాటికి ఊరు ఒక దెబ్బ నుంచి కోలుకుంటోంది. 1962లో పారిస్ ఓర్లీ విమాన ప్రమాదంలో ఈ ఊరి కళాభిమానులు వందమందికి పైగా చనిపోయారు. వాళ్ళ జ్ఞాపకంగా కట్టిన భవనమే ఇప్పుడు మనం పిల్లల్ని తీసుకెళ్ళే వుడ్‌రఫ్ ఆర్ట్స్ సెంటర్. 1970లో షా అక్కడ పెద్ద కోరస్ తయారు చేశాడు. అందులో జీతగాళ్ళు లేరు. టీచర్లు, డాక్టర్లు, గుమాస్తాలు పగలంతా ఉద్యోగం చేసుకుని, సోమవారం సాయంత్రం వచ్చి పాడేవారు. 1988లో వాళ్ళనే యూరప్ తీసుకెళ్ళి, బెర్లిన్ గోడ ఇంకా నిలబడి ఉన్న రోజుల్లో తూర్పు బెర్లిన్‌లో బీథోవెన్ తొమ్మిదో సింఫనీ పాడించాడు.

సభలో ఎక్కువ చర్చ జరిగింది ఒపేరా దగ్గర. స్కాట్ జోప్లిన్ అనే నల్లజాతి స్వరకర్త 1911లో ట్రీమనీషా అనే ఒపేరా సొంత ఖర్చుతో అచ్చు వేయించుకున్నాడు. రంగాలంకరణతో, వాద్య బృందంతో దాన్ని పూర్తిగా ఆడించే భాగ్యం లేకుండానే 1917లో పోయాడు. ఆ ఒపేరా 1972 జనవరిలో మన అట్లాంటాలోనే మొదటిసారి వేదిక ఎక్కింది. మోర్‌హౌస్ కాలేజీ సంగీత విభాగం పూనుకుంది, కేథరిన్ డనమ్ నాట్యం కూర్చింది, కండక్టర్ కర్ర పట్టింది షా. కథ ఏమిటంటే, అర్కాన్సాలో చదువుకున్న ఒక అమ్మాయి మంత్రగాళ్ళ మాయల్లో పడ్డ తనవాళ్ళను తప్పించి, చివరికి ఊరికి పెద్దవుతుంది. ఇది విని మన సభ్యురాలొకరు "ఇది గురజాడ వారి కాలం కథ కదండీ" అన్నారు. నిజమే. 'దేశమును ప్రేమించుమన్నా' 1910 నాటిది. జోప్లిన్‌కూ గురజాడ వారికీ ఒకరి గురించి ఒకరికి తెలిసే వీల్లేదు కానీ, మా బృందం ఏ పాట ఎత్తుకోవాలో ఆ మాటతోనే తేలిపోయింది.

అట్లాంటా కోరస్‌లో షా కింద కొన్నేళ్ళు పాడిన ఒక అమెరికన్ పెద్దావిడ మన సభ్యుల పక్కింట్లో ఉంటారు. పేరు రాయవద్దన్నారు. సెప్టెంబరులో నాలుగు ఆదివారాలు వచ్చి మాతో కూర్చున్నారు. వస్తూనే అడిగింది పెన్సిళ్ళు. మాలో ఒక్కరి దగ్గరా లేవు. తన పాత పుస్తకం తెరిచి చూపించారు. స్వరం స్వరం కింద సన్నగా అంకెలు, ఊపిరి తీసుకునే చోట టిక్కు, ఎవరి గొంతు వినాలో అక్కడ చిన్న కళ్ళజోడు బొమ్మ. షా పద్ధతిలో మొదట మాటలు పాడకూడదట. మాటల బదులు అంకెలు. వన్ అండ్ టూ అండ్ టీ అండ్ ఫోర్ అండ్, అదీ గొంతు పెంచకుండా. త్రీ బదులు టీ ఎందుకంటే, త్రీ అంటే నాలుక ఆలస్యం చేస్తుంది, టీ అంటే టక్కున పడుతుంది. అందరి హల్లు ఒకే క్షణంలో పడాలి. శ్రుతి, లయ కుదిరాకే మాటలు.

మొదటి ఆదివారం అంకెలతో తంటాలు పడ్డాం. గురజాడ వారి పాట ఆ నాలుగు లెక్కలో ఇమడలేదు. రెండో వారం మృదంగం నేర్చుకుంటున్న పదో తరగతి పిల్లాడు, "ఆంటీ, ఇది మిశ్రం కదా" అంటూ చేతిమీద వేసి చూపించాడు. 'దేశ' తకిట, 'మునుప్రే' తకధిమి, 'మించు' తకిట, 'మన్నా' తకధిమి. గురజాడ వారి ఈ ఛందస్సు, ముత్యాల సరం, నడకే మూడు, నాలుగు. కలిపితే ఏడు, అదే మిశ్రం. పెద్దావిడ అది రెండుసార్లు చెప్పించుకుని, తన పెన్సిలుతో పుస్తకం అట్ట మీద రాసుకున్నారు. ఆ రోజు నుంచి గంటన్నర సాధనలో గంట సేపు జతులే. విసుగొచ్చి ఇద్దరు మానేశారు, దాపరికం ఎందుకు. ఉన్నవాళ్ళకు మాత్రం నవంబరుకల్లా 'ప్రే' ఒకే గొంతులా పడడం మొదలైంది.

ఇలాంటివాళ్ళు మనలో లేరా అని ఒకరు అడిగారు. ఉన్నారు. చిత్తూరులో 1925లో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ ఏసుదాసు చేత మొదటి సినిమా పాట పాడించారు, 1970ల మొదట్లో మద్రాస్ యూత్ కొయిర్ పెట్టి మామూలు కుర్రాళ్ళ చేత పలు భాషల్లో గొంతు కలిపించారు. 1988లో లక్షద్వీప్‌లో కన్నుమూశారు. వచ్చే ఆగస్టు సాయంత్రం ఆయన కోసం కేటాయించాలని కార్యవర్గం తీర్మానించింది.

ఉగాది నాడు ఏం జరిగిందంటే, మొదటి రెండు చరణాలూ బాగా వచ్చాయి. మూడో చరణంలో కింది గొంతుల వరస, అంటే మగవాళ్ళం, ఒక తకిట ముందుకు దూకేశాం. అందరం ఒక్కసారిగా దూకాం కాబట్టి చప్పట్లకు లోటు రాలేదు. పెద్దావిడ మూడో వరసలో కూర్చుని తలపట్టుకోవడం వేదిక మీదికి కనిపించింది.

ఇక లెక్కలు. ఆదాయవ్యయాల పట్టిక విడిగా జత చేశాం, కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదువుతారు. బృందగానానికి అయిన ఖర్చు సాధన గది అద్దె, టీ, జిరాక్సులు, రెండు డబ్బాల పెన్సిళ్ళు. ఒక డబ్బా ఎక్కడుందో తెలియడం లేదు. సభ్యత్వ రుసుము పెంచే ప్రతిపాదన లేదు. గది అద్దె పెరిగితే మాత్రం మళ్ళీ మీ ముందుకు వస్తాం.

సాధన ఉగాది తర్వాత రెండో ఆదివారం సాయంత్రం నాలుగింటికి మళ్ళీ మొదలు. మగ గొంతులు ఇంకా కావాలి. పాట రాకపోయినా ఫరవాలేదు, పెన్సిలు తెచ్చుకోండి.

మీ
కార్యదర్శి