ఎస్టిమేట్‌లో మోతకూ ఒక పద్దు రాయండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో ఒక నాలాను, అంటే వాననీళ్లు పోయే కాలువను, ఆనుకుని ఉన్న వీధిలో మా ఇల్లు. ఇంట్లోనే పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాను. మొన్న జనవరిలో మా నాలాను బాగుచేసే పని మొదలైంది. కూలిపోయిన పాత రాతిగోడలు తీసేసి రెండు వైపులా కాంక్రీటు గోడలు కట్టారు. ఏళ్ల తరబడి పేరుకున్న పూడిక ఎత్తారు. ఇళ్ల నుంచి నేరుగా నాలాలోకి వదిలిన మురుగు పైపులను వేరే లైనుకు కలిపారు. ఈ పని ఆగాలని నేను ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే పని దగ్గర యంత్రాల మోత గురించి నోరు విప్పితే చాలు, "అయితే పని ఆపేయమంటారా?" అని అడుగుతున్నారు.

2020 అక్టోబరు 13 రాత్రి ఇదే నాలా నీళ్లు మా ఇంట్లో మంచాల దాకా వచ్చాయి. బియ్యం డ్రమ్ము వంటింట్లోంచి తేలుకుంటూ ముందుగదిలోకి వచ్చింది. అత్తయ్యను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం కలిసి మేడమీదికి మోశాం. ఆ వరదల తర్వాతే నగరంలో నాలాల కోసం ఎస్‌ఎన్‌డీపీ అని ప్రత్యేక కార్యక్రమం పెట్టారు. ఇప్పుడు మూసీ గురించి, చెరువుల గురించి ఇంత చర్చ జరుగుతోందంటే ఆ రాత్రి చూసినవాళ్లకు సంతోషమే. నాలాలు బాగుపడాలి, అన్నీ బాగుపడాలి.

కానీ ఐదు నెలలు మేం పడ్డ బాధ కూడా నిజం. అందులో సగానికి పైగా తప్పించగలిగిందే. అందుకే రాస్తున్నాను.

మన ఊరి సంగతి తెలిసిందే, రెండు మూడు అడుగులు తవ్వితే చాలా చోట్ల రాయి తగులుతుంది. అది మామూలు రాయి కాదు, గ్రానైట్ బండ. గోడకు పునాది దిగాలంటే దాన్ని పగలగొట్టాలి. ఇళ్ల మధ్య మందుగుండు పెట్టరు కాబట్టి జేసీబీకి బ్రేకర్ తగిలించి కొడతారు. అది కొట్టినంతసేపూ మా వంటింటి అలమరలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగేవి. టేబుల్ మీద గ్లాసులో నీళ్లు వణికేవి. నాలాకు రెండు వైపులా గోడ గోడను ఆనుకుని మేడలు కావడంతో మోత బయటికి పోయే దారి లేదు. అటు గోడకు కొట్టుకుని ఇటు వచ్చేది, బావిలో అరిచినట్టు.

పగలు ఎలాగో సర్దుకున్నాం. రాత్రే కష్టమైంది. నగరంలో పగటిపూట భారీ వాహనాలకు ఆంక్షలు ఉన్నాయి, అది అవసరమే. దాంతో పూడిక ఎత్తుకెళ్లే టిప్పర్లు, రెడీమిక్స్ లారీలు రాత్రి పదిన్నర తర్వాతే వచ్చేవి. సన్న వీధి, తిరగడానికి చోటు లేదు, వచ్చిన ప్రతి బండీ వెనక్కి వెళ్లాల్సిందే. తెల్లవారుజామున మూడింటికి రివర్స్ హారన్ కీ, కీ అని మోగుతుంటే పసిపిల్లలున్న ఇళ్లలో ఒక్కొక్కటే లైటు వెలిగేది. లారీలు ఎలాగూ వచ్చాయి కదా అని మిగిలిన బండ కూడా అప్పుడే కొట్టిన రాత్రులు ఉన్నాయి.

ఇంకో సంగతి పైవాళ్లెవరికీ తట్టినట్టు లేదు. నాలా పని వానలు లేనప్పుడే చేయాలి, అంటే ముఖ్యంగా జనవరి నుంచి మే నెలాఖరు దాకా. ఇంటర్, పదో తరగతి పరీక్షలూ సరిగ్గా అప్పుడే. ఏటా ఈ రెండూ ఒకదాని మీద ఒకటి పడుతూనే ఉంటాయి. నా దగ్గరికి వచ్చే పద్నాలుగు మంది పిల్లల్లో తొమ్మిది మంది ఇళ్లు నాలా పక్కనే. మార్చిలో ఒక పిల్ల లెక్క మధ్యలో పెన్ను కింద పెట్టి, "మేడం, రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టలేదు, తల పని చేయట్లేదు" అంది. తరగతిలో మొదటి వరసలో కూర్చునే పిల్ల. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

పోలీసులకు ఫోన్ చేస్తే "ప్రభుత్వ పని కదమ్మా" అన్నారు. పని చేయిస్తున్న ఇంజినీరు మర్యాదగానే మాట్లాడారు, వానల్లోగా ముగించాలని తన మీద ఎంత ఒత్తిడి ఉందో చెప్పారు. ఆయన మాటా అబద్ధం కాదు. అయితే 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల్లో నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబుల్స్ అని పరిమితి ఉంది. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. 2010లో చేసిన సవరణ ఇంకా స్పష్టంగా ఉంది. మోత చేసే నిర్మాణ యంత్రాలను రాత్రిపూట నివాస ప్రాంతాల్లో, ఆసుపత్రులూ బడులూ ఉన్న నిశ్శబ్ద మండలాల్లో వాడకూడదు. ప్రభుత్వ పనికి మినహాయింపు అని ఆ వాక్యంలో లేదు. రాత్రి ఆంక్షలు మీరితే డెసిబుల్ లెక్క చూపకుండానే ఫిర్యాదు చేయవచ్చు. ఈ సంగతి మా కాలనీలో ఒక్కరికీ తెలియదు, నాకూ మార్చి దాకా తెలియదు.

మాకైనా తలుపులు ఉన్నాయి. ఆ పనివాళ్లు నాలా ఒడ్డునే రేకుల షెడ్లలో ఉన్నారు. బ్రేకర్‌కు ఇరవై అడుగుల దూరంలో చీరతో కట్టిన ఉయ్యాలలో పసిబిడ్డ పడుకుని ఉండడం నా కళ్లతో చూశాను. జేసీబీ నడిపే కుర్రాడిది పాలమూరు. ఎండకు తలగుడ్డ చుట్టుకున్నాడు గానీ చెవులకు ఏమీ లేదు. మజ్జిగ ఇచ్చి అడిగితే, "రూముకు పోయినా చెవులల్ల గదే మోత మోగుతది మేడం" అన్నాడు. ఫ్యాక్టరీల్లో కార్మికుడి చెవికి రోజుకు ఎనిమిది గంటలకు 90 డెసిబుల్స్ మించకూడదని లెక్క ఉంది. ఇతనికి చెవులు మూసుకునే మఫ్స్ ఒక జత ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుంది?

అసలు సంగతికి వస్తాను. ఏప్రిల్‌లో మేం నలుగురం ఇంజినీరు దగ్గరికి వెళ్లి అడిగితే ఎస్టిమేట్ కాగితాలు చూపించారు. తవ్వకానికి ఘనపు మీటరుకు ఇంత, ఇనుముకు ఇంత, కాంక్రీటుకు ఇంత, నీళ్లు తోడడానికి ఇంత అని వివరంగా రాసి ఉంది. శబ్దం అన్న మాట ఒక్క చోటా లేదు. "ఐటమ్ లేనిది మేం ఎలా చేయిస్తాం మేడం?" అన్నారు. ఆ ఒక్క మాటలో నాకు అంతా అర్థమైంది. బిల్లు రాని పని ఏ కాంట్రాక్టరూ చేయడు. అతన్ని తిట్టి లాభం లేదు, చేతులు జోడించి బతిమాలినా అది ఒక రాత్రికే. మోత తగ్గించడం టెండర్‌లో ఒక పద్దుగా ఉండాలి. దానికి రేటు ఉండాలి, కొలత ఉండాలి, చేయకపోతే కోత ఉండాలి.

ఆ పద్దు కింద ఏం చేయించవచ్చో చెబుతాను. నీళ్లు తోడే మోటార్లు రాత్రంతా నడవక తప్పదు, ఆపితే గుంట నిండిపోతుంది. ఆ మోటార్లు డీజిల్‌వి కానక్కర్లేదు. తాత్కాలిక కరెంటు కనెక్షన్ తీసుకుని నీళ్లలో మునిగి ఉండే సబ్‌మెర్సిబుల్ మోటార్లు పెడితే పక్కింటికి కూడా వినిపించదు. జనరేటర్ తప్పదనుకుంటే దాన్ని ఇళ్లకు దూరంగా జరపాలి. దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ మోత దాదాపు 6 డెసిబుల్స్ తగ్గుతుంది. 10 తగ్గితే చెవికి సగమైనట్టే ఉంటుంది. మా దగ్గర జనరేటర్‌ను ఒక ఇంటి పడగ్గది కిటికీ కింద పెట్టారు, డీజిల్ పోయడానికి గేటు దగ్గరని. అక్కడి నుంచి ఖాళీ స్థలం చివరికి నలభై అడుగులే. పెద్దాయన ఒకరు గొడవ పెట్టుకుంటే మేలో జరిపారు. పైసా ఖర్చు కాలేదు. అది జనవరిలోనే జరగాల్సింది.

అడ్డం పెట్టిన రేకుల గురించి కూడా. పల్చటి రేకు చుట్టూ కట్టి మధ్యమధ్య సందులు వదిలితే దుమ్ము కాస్త ఆగుతుందేమో, మోత ఆగదు. బరువైన పలకలు కావాలి, సందుల్లేకుండా ఉండాలి, యంత్రం కంటికి కనపడనంత ఎత్తు ఉండాలి. మొదటి అంతస్తు కిటికీలోంచి బ్రేకర్ కనిపిస్తోందంటే మోత కూడా నేరుగా వస్తున్నట్టే. ఇక బండ విషయం. అంతా కొట్టే పగలగొట్టాల్సిన పని లేదు. రంధ్రాలు చేసి, నీళ్లు కలిపితే ఉబ్బి రాయిని చీల్చే పౌడర్ పోస్తారు. రంధ్రాలు చేసేటప్పుడు మోత ఉంటుంది గానీ రోజంతా కొట్టే బాధ తప్పుతుంది. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో 2003 నుంచి 2005 వరకు చంగ్యేచన్ అనే వాగును బయటికి తీశారు. దానిమీద కట్టిన ఫ్లైఓవర్‌ను తొలగించేటప్పుడు అంతా బ్రేకర్లతోనే కొట్టకుండా వజ్రపు తీగ రంపాలతో కాంక్రీటును కోసి ముక్కలుగా ఎత్తుకెళ్లారు.

టిప్పర్ల విషయంలో పోలీసులూ, పని చేయించే శాఖా ఒక్కసారి కూర్చుని మాట్లాడుకోవాలి. ఒక నాలా పనికి మధ్యాహ్నం రద్దీ లేని రెండు మూడు గంటలు అనుమతి ఇస్తే రాత్రి సగం బండ్లు తగ్గుతాయి. అటు నుంచి వచ్చి ఇటు నుంచి పోయేలా దారి చూసుకుంటే రివర్స్ హారన్ అవసరమే చాలావరకు ఉండదు.

ఇంకొక్కటి, దీనికి డబ్బుతో పని లేదు. వచ్చే వారం ఏ రోజు ఎక్కడ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా బండ కొడతారో ఒక కాగితం మీద రాసి వీధి మొదట్లో అంటించాలి. ఒక ఫోన్ నంబరు ఇవ్వాలి, రాత్రి ఎత్తేది. పక్కింట్లో పెళ్లైతే బ్యాండు మోత భరిస్తాం, ఎందుకంటే ఎప్పుడు ఆగుతుందో తెలుసు. మాకు ఐదు నెలలూ అది తెలియక టెన్షన్‌తోనే పడుకున్నాం. పరీక్షల తేదీలు నెలల ముందే వస్తాయి. ఆ రోజుల్లో రాత్రి పని పూర్తిగా ఆపి, బండ కొట్టడం పిల్లలు పరీక్ష హాల్లో ఉండే పూటకు మార్చుకోవచ్చు, అక్కడికి దగ్గర్లో పరీక్షా కేంద్రం లేకపోతే.

వానలతో పని ఆగింది. నాలా ఎగువన మిగిలిన భాగం పని వానలు వెనకపట్టాక మొదలవుతుందని, దానికి టెండర్ ఇంకా పిలవలేదని తెలిసింది. ఆ ఒడ్డున ఒక ప్రసూతి ఆసుపత్రి ఉంది, రెండు బడులు ఉన్నాయి. కాగితం మీద ఇంకో పద్దు చేర్చడానికి ఇప్పుడు సమయం ఉంది, పని అప్పగించాక ఉండదు. దయచేసి ఈ ఉత్తరాన్ని ఎస్టిమేట్లు రాసే ఇంజినీర్ల కంటపడేలా ప్రచురించండి.

ఇట్లు,
నాలా పక్క వీధి నివాసి,
హైదరాబాద్