బీఆర్ఎస్ఆర్ నివేదికలోని ఉద్గారాల లెక్కలపై ఫిర్యాదు

ఎర్రగుంట్ల,
కడప జిల్లా.

కంపెనీ కార్యదర్శి గారికి,

అయ్యా,

నేను మీ కంపెనీలో చిన్న వాటాదారును. ఈ జిల్లాలోని మీ సిమెంటు ఫ్యాక్టరీకి దగ్గరి గ్రామంలోనే మా కుటుంబం సేద్యం చేసుకుంటోంది. మీ తాజా బీఆర్ఎస్ఆర్ నివేదికలోని (పర్యావరణ, సామాజిక బాధ్యతలపై కంపెనీ ఏటా ఇచ్చే నివేదిక) లెక్కలపై ఈ ఫిర్యాదు రాస్తున్నాను.

నివేదికలో గత సంవత్సరపు స్కోప్-1 ఉద్గారాలుగా, అంటే కంపెనీ సొంత పనుల నుంచి నేరుగా వెలువడే గ్రీన్‌హౌస్ వాయువులుగా, మీరు చూపిన అంకె, నిరుడు మీరే ప్రకటించిన అంకె కంటే ఎక్కువగా ఉంది. ఈ మార్పుకు కారణం చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. పెరిగిన ఆ అంకెతో పోల్చినందువల్లనే ఈ ఏటి ఉద్గారాలు తగ్గినట్లు కనిపిస్తున్నాయి. నిరుటి నివేదికతో పోల్చి చూస్తే అవి పెరిగాయి. లెక్కకట్టే పద్ధతి మారి ఉండవచ్చు, కొత్త యూనిట్ కలిసి ఉండవచ్చు. ఏది జరిగినా వాటాదారులకు చెప్పవలసిన బాధ్యత మీదే.

సున్నపురాయిని కాల్చి, సిమెంటుకు మూలమైన క్లింకర్ చేసేటప్పుడు, ఏ ఇంధనం వాడినా, రాయిలో నుంచే కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు పూర్తిగా కాలితే దాదాపు 44 కిలోలు ఆ వాయువుగానే పోతుంది. అందుచేత సిమెంటులో క్లింకర్ పాలు తగ్గించి బూడిద పెంచారా, లేక ఉత్పత్తే తగ్గిందా అన్నది తెలియకుండా తగ్గుదలను నమ్మలేము. థర్మల్ కేంద్రపు బూడిద పక్కనే దొరికే మా ప్రాంతంలో ఆ వివరం ఇవ్వడం మీకు కష్టం కాదు. అన్ని ఫ్యాక్టరీలకూ కలిపి ఒకే అంకె ఇవ్వడంతో మా ఊరి ఫ్యాక్టరీ సంగతి ఎవరికీ తెలియకుండా పోయింది.

నీటి ఎద్దడి ప్రాంతాల్లోని ఫ్యాక్టరీల నీటి వాడకం రాయవలసిన చోట ‘వర్తించదు’ అని రాశారు. ఆ అంశం స్వచ్ఛందమేనని నాకు తెలుసు. వెల్లడించడం ఇష్టం లేకపోతే ఆ మాటే రాయవచ్చు. బోర్లు ఎండిపోయే కడప జిల్లాలో ఫ్యాక్టరీ నడుపుతూ ‘వర్తించదు’ అనడం మాత్రం వాస్తవ విరుద్ధం.

స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఈ నివేదికను 2022-23 నుంచి మార్కెట్ విలువలో తొలి 1000 లిస్టెడ్ కంపెనీలకు తప్పనిసరి చేసింది మావంటి వారు చదివి నమ్మడానికే. కనుక మారిన అంకెకు కారణాన్నీ, ఫ్యాక్టరీవారీ ఉద్గారాలనూ, ఇక్కడి నీటి వాడకాన్నీ చేర్చిన సవరణను 21 రోజుల్లోగా స్టాక్ ఎక్స్ఛేంజీలకు పంపి, దాని ప్రతిని నాకు అందజేయగలరు. లేనిపక్షంలో సెబీ ఫిర్యాదుల పోర్టల్ ‘స్కోర్స్’ ద్వారా ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మీ వాటాదారు