ఖాళీ మంచానికీ కిరాయి

సంపాదకులకు,

2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులను సంకెళ్లతో అమెరికా సైనిక విమానంలో అమృత్‌సర్‌లో దించినప్పుడు చర్చంతా ఆ గొలుసుల చుట్టూనే తిరిగింది. వాటి వెనకున్న అమెరికా వలస నిర్బంధ వ్యవస్థ లెక్కలూ పాఠకులకు తెలియాలి.

1994 జనవరిలో అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ‘నాఫ్టా’ అమల్లోకి వచ్చింది. అమెరికా సబ్సిడీ మొక్కజొన్న ముందు మెక్సికో చిన్న రైతు నిలవలేక, పని కోసం సరిహద్దు వైపు కదిలాడు. అదే ఏడాది అక్టోబరులో శాన్‌డియాగో దగ్గర సరిహద్దు దాటేవారిని అడ్డుకునే ‘ఆపరేషన్ గేట్‌కీపర్’ మొదలైంది. సరుకుకు గేటు తీసి మనిషికి మూశారు. పట్టణాల దగ్గర కాపలా బిగిసేసరికి జనం అరిజోనా ఎడారి బాట పట్టి, దాహంతో, వడదెబ్బతో చనిపోయారు.

1993లో సుమారు 4 వేలున్న అమెరికా సరిహద్దు కాపలా దళం (బోర్డర్ పెట్రోల్) బలగం 2011కి 21 వేలు దాటింది. ఇంత వేగంగా మనుషులను చేర్చుకుంటే వడపోత, శిక్షణ, పర్యవేక్షణ వెనకబడతాయి.

అసలు చిక్కు డబ్బు దగ్గరుంది. వలస కేసుల్లో పట్టుబడిన నిర్బంధితుల్లో అత్యధికులు ప్రైవేటు కంపెనీలు నడిపే కేంద్రాల్లోనే ఉంటారు. చాలా ఒప్పందాల్లో ‘కనీస పడకల’ హామీ ఉంటుంది: మనిషి లేకపోయినా ప్రభుత్వం డబ్బు కట్టాల్సిందే. కట్టేసిన పడక ఖాళీగా ఉంటే నింపాలనిపించడం సహజం. లోపల వంట, శుభ్రం పనులు బందీలే చేస్తారు, చాలాచోట్ల రోజుకు 1 డాలరుకు. తిండిలో, వైద్యంలో మిగిల్చిందంతా కంపెనీ లాభమే. పైగా వలస కేసులు సివిల్ కేసులు కాబట్టి ప్రభుత్వ ఖర్చుతో లాయరును ఇచ్చే హక్కు లేదు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 2019లో తెలుగు విద్యార్థులు ఎందరో చిక్కుకున్న ఫార్మింగ్టన్ అనే ఉత్తుత్తి యూనివర్సిటీని వల పన్నడానికి పెట్టింది ఆ దేశపు వలస అధికారులే. నిర్బంధితుడు కోరితే అతని దేశపు కాన్సులేట్‌కు కబురు పంపాలని కాన్సులర్ సంబంధాలపై వియన్నా ఒప్పందం 36వ అధికరణ చెబుతోంది. మన విదేశాంగ శాఖ దాన్ని గట్టిగా పట్టుకుని, ప్రతి బందీకీ లాయరు సాయం అందేలా చూడాలి.

– ఒక పాఠకుడు, కరీంనగర్